కుమ్మరి పురుగు కాపలా

మంచానికి కాళ్ల వైపు రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. తల కిందికి, కాళ్లు పైకి. ఇలా పడుకుని నలభై రోజులు దాటింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "మంచిగ రెస్ట్ దొరికింది నీకు" అంటారు. వాళ్లను పట్టుకొచ్చి ఈ మంచం మీద ఒక్క పూట పడుకోబెట్టాలని ఉంటుంది నాకు. అన్నం పక్కకు ఒత్తిగిలి తినాలి. ఒంటికైనా రెంటికైనా బెడ్‌పానే. తుమ్ము వస్తే భయం, దగ్గు వస్తే భయం.

నా పేరు సుజన. బాన్సువాడలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. పెళ్లై ఆరేళ్లయింది, మూడు కడుపులు పోయాయి. మొదటిది మూడో నెలలో, రెండోది ఐదో నెలలో, మూడోది ఐదున్నర నెలలకు. ఇది నాలుగోది. గర్భసంచి మూతి మెత్తగా ఉండి బరువు ఆపలేకపోతోందని డాక్టరమ్మ కుట్టు వేసింది. "ఇరవై ఎనిమిది వారాలు ఎట్లనన్న లాక్కురా. తర్వాత బిడ్డ సంగతి నేను చూసుకుంట. అప్పటిదాక కాలు కింద పెట్టొద్దు" అంది. లాక్కురావడానికి అదేమన్నా ఎడ్లబండా? అయినా తలూపాను. ఇంకోసారి ఖాళీ చేతులతో దవాఖాన మెట్లు దిగే ఓపిక నాకు లేదు. ఈ బిడ్డ కూడా పోతే నేను మనిషిగా మిగలను. ఈ మాట మా ఆయన ప్రకాష్‌కు కూడా చెప్పలేదు.

మా అత్తమ్మ లస్మవ్వ కోటగిరి పక్క ఊళ్లో ఉంటుంది. నాట్లు పడే రోజుల్లో పని వదిలేసి నా కోసం వచ్చింది. పాన్ తీసేదీ కడిగేదీ ఆమే. అది తలుచుకుంటే సిగ్గుతో ప్రాణం పోతుంది. ఆ సిగ్గు బయటికి వచ్చేసరికి కోపమవుతుంది. చారులో ఉప్పు ఎక్కువైందని కసురుతాను, ఫ్యాను శబ్దానికి కసురుతాను. ఆమె పట్టించుకోదు. "తిట్టు బిడ్డా, నోరు ఎంత ఆడినా ఫికర్ లేదు. నడుము ఆడనియ్యకు, గంతే" అంటుంది.

ఇరవయ్యో వారంలో ఒక పొద్దున పసుపూ నలుపూ కలిసిన పురుగొకటి కిటికీలోంచి వచ్చి స్విచ్ బోర్డు మీద వాలింది. చూస్తే కందిరీగలాగే ఉంది గానీ నడుము మాత్రం దారమంత సన్నం. నోట్లో శనగగింజంత తడిమట్టి ఉండ. మంచానికీ స్విచ్ బోర్డుకూ సరిగ్గా నాలుగడుగులు. మట్టిని ప్లాస్టిక్‌కు అద్ది, ముందు కాళ్లతో మూతితో సాగదీసి, జుయ్యిమని వెళ్లిపోయింది. ఆరు నిమిషాల్లో ఇంకో ఉండతో వచ్చింది.

"అత్తమ్మా, చీపురు తీస్కరా" అని అరిచాను.

అత్తమ్మ చీపురుతో వచ్చి, దాన్ని చూసి, చీపురు కింద పడేసి రెండు చేతులూ జోడించింది.

"అయ్యో బిడ్డా, కుమ్మరి పురుగే! కుమ్మరి పురుగు ఇంట్ల గూడు పెడ్తె పిల్లలు తిరుగుతరు. నీ కాన్పు సక్కగైతది. ఇగ సూడు."

"ఆదివారం చర్చిల చెప్పు ఈ మాట. పాస్టర్ గారు మెచ్చుకుంటడు" అన్నాను.

"పురుగును ఎవలు పంపిర్రే? ప్రభువు కాదా?" అని నా నోరు మూయించింది.

ఆ సాయంత్రం పైవాటాలో ఉండే ఇంటి ఓనరు బుజ్జమ్మగారు వచ్చారు. వర్ని దగ్గర పొలాలున్న కోస్తావాళ్లు. "స్విచ్ బోర్డు మీద ఆ మట్టేంటి సుజనా? చీపురుతో ఒక్కటిస్తే పోద్ది కదా" అన్నారు. అత్తమ్మ ఆమెకూ గోడకూ మధ్యకు వెళ్లి నిలబడింది. "నీకు దండం పెడ్త అమ్మా. బోర్డు నేను కడుగుత, గోడకు సున్నం నేనేస్త. గూడు మాత్రం ముట్టకు. ఇంట్ల కడుపుతోటి మనిషున్నది" అంది. బుజ్జమ్మగారు నా వైపు చూసి, "మా అమ్మా ఇలాగే అనేదిలే. ఉంచుకోండి" అని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి కిటికీ మూయనివ్వలేదు అత్తమ్మ. పురుగు రావాలట. పురుగుతో పాటు దోమలూ వచ్చాయి, వాన జల్లూ వచ్చింది. దోమతెరలో పడుకుని నేను పళ్లు నూరుకున్నాను.

నమ్మకం నాకు లేదు. కానీ చూడ్డానికి వేరే ఏముంది ఆ గదిలో? రోజంతా డేటా ఎంట్రీ చేసిన చెయ్యి ఊరుకోదు. స్కానింగ్ ఫైలు అట్ట మీద టైములు రాయడం మొదలుపెట్టాను. తొమ్మిదీ పది, మట్టి. తొమ్మిదీ పదహారు, మట్టి. పన్నెండున్నర కల్లా చిన్న కుండ తయారు, అంచు తిప్పిన మూతితో సహా. తర్వాత తోక మూతిలో పెట్టి కాసేపు కదలకుండా ఉంది. లోపల పైకప్పుకు పోగు కట్టి గుడ్డు వేలాడదీస్తుందని ఫోన్లో చదివాను. ఆ తర్వాత పచ్చపురుగులను తెచ్చి లోపల కూరింది. తొమ్మిది పురుగులు లెక్కపెట్టాను. మట్టితో మూతి మూసేసి, పక్కనే రెండో కుండ మొదలుపెట్టింది.

"గా పచ్చపురుగు సుట్టు తిరిగి పాట పాడ్తది. పాట ఇని ఇని అది గూడ కుమ్మరి పురుగైతది" అని చెప్పింది అత్తమ్మ.

"పాట లేదు, ఏం లేదు. దాని పిల్లలకు తిండి అది. సంపదు, కుట్టి కదలకుంట చేస్తది. తాజాగ ఉండాలని."

"నీ ఫోన్ల గట్ల జెప్పిండ్రా?" అని నా మీద జాలిపడింది.

నాలాగే కుట్టు పడి కదలకుండా ఉన్న ఆ పురుగుల గురించి ఇంకా చదవాలనిపించలేదు. ఫోన్ పక్కన పడేశాను. కానీ ఒకటి మాత్రం జరిగింది. నాలుగో రోజుకల్లా పొద్దున్నే కళ్లు తెరవగానే కడుపు మీద చెయ్యి వేసుకోవడానికి ముందు స్విచ్ బోర్డు వైపు చూస్తున్నాను. అది రావడం పది నిమిషాలు ఆలస్యమైతే అట్ట మీది టైములు మళ్లీ మళ్లీ చూసుకుంటాను. రెండు కుండలు, మూడు కుండలు. మూడో కుండ మూతి మూసిన రోజు నాకు ఇరవై ఒక్క వారాలు నిండాయి. రెండో కడుపు పోయిన వారాన్ని దాటేశాను. డిగ్రీ చదివినదాన్ని, మట్టి కుండల మీద ప్రాణం పెట్టుకుని కూర్చున్నాను. కూర్చోవడం కూడా కాదు, పడుకుని!

పదకొండో రోజున ఇంకో పురుగు వచ్చింది, పచ్చది.

ఎంత అందంగా ఉందో చెప్పలేను. నెమలి మెడ రంగు, ఎండ పడితే నీలం. కుండల చుట్టూ మెల్లగా నడుస్తూ మీసాలతో తట్టి చూస్తోంది. ఫోటో తీసి ఫోన్లో వెతికాను. కోకిలలాగ ఇంకొకరి గూట్లో గుడ్డు పెట్టే జాతట. మూసిన కుండను కూడా ఉమ్మితో నానబెట్టి, కన్నం చేసి, గుడ్డు వదిలి, మళ్లీ మట్టితో పూడ్చేస్తుందట. లోపల దాని పిల్ల ఈ తల్లి పిల్లను తినేస్తుంది. బయట కుండ చూస్తే కుండలాగే ఉంటుంది. ఏమీ తెలియదు.

ఏమీ తెలియదు అన్న చోట నేను ఆగిపోయాను. మూడోసారి కూడా అంతే. పొద్దున స్కానింగులో గుండె కొట్టుకుంటోంది అన్నారు, సాయంత్రానికి అయిపోయింది.

"అత్తమ్మా, దాన్ని తరుము! గా పచ్చదాన్ని!"

"అయ్యో, గంత సక్కగున్నది, గదేం జేస్తదే?"

చెప్పకుండా ఉండాల్సింది. కానీ భయంలో నోరు ఆగలేదు, మొత్తం చెప్పేశాను. పాటలు, పచ్చపురుగులు అన్నప్పుడు నా ఫోన్ మాట నమ్మని మనిషి, ఇది మాత్రం ఒక్క ముక్క వదలకుండా నమ్మింది. స్టూలు లాక్కుని స్విచ్ బోర్డు కింద కూర్చుంది. తువ్వాల చేతిలో పట్టుకుని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా కాపలా. అన్నం పొయ్యి మీద మాడింది. రైస్ మిల్లు నుంచి తలనిండా ఊకతో వచ్చిన ప్రకాష్ మా ఇద్దర్నీ చూసి, "ఏందవ్వా ఇది? మీ అత్తాకోడళ్లకు పిచ్చి లేసిందా?" అన్నాడు. "లేసింది. పోయి అన్నం వండు" అన్నాను. వండాడు పాపం.

ఇరవై రెండో వారం దాటింది. అంటే మూడోది పోయిన రోజు కూడా దాటిపోయింది. ఆ రోజు అత్తమ్మ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే ఏడ్చేస్తామని.

ఆ తర్వాతి మంగళవారం అత్తమ్మకు పింఛను వేలిముద్రకు ఊరికి వెళ్లక తప్పలేదు. "రెండు గంటలల్ల వస్త. గూడు సూస్తుండు" అని షేర్ ఆటో ఎక్కింది. ఒంటిగంటకు పచ్చది వచ్చింది. కాచుకుని ఉన్నట్టే వచ్చింది దొంగముండ! సరాసరి మూడో కుండ మీద వాలింది.

"హుష్" అన్నాను. దానికేం లెక్క? దోమతెర ఎత్తి దువ్వెన విసిరాను, గోడకు తగిలి పడింది. ట్యాబ్లెట్ల డబ్బా విసిరాను. నీళ్ల బాటిల్ విసిరితే లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడే వాలింది. అదే సమయానికి ఐదో కుండకు మట్టి తెస్తున్న తల్లి వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. తల్లి దాన్ని పట్టుకుని కరిచింది, కుట్టబోయింది. పచ్చది గోలీలాగ ముడుచుకుపోయింది, దాని పెంకులోకి కొండి దిగలేదు. జారి కింద పడింది. గెలిచాననుకుని తల్లి మట్టి కోసం వెళ్లిపోయింది. పచ్చది విప్పుకుని, గోడ పట్టుకుని మళ్లీ పైకి ఎక్కింది.

బుజ్జమ్మగారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది, మధ్యాహ్నం నిద్రలో ఉన్నట్టున్నారు. రెండోసారి చేశాను. ఎత్తలేదు. పచ్చది మూతి ఆనించి మట్టిని నానబెడుతోంది. తడి మచ్చ నాకు కనిపిస్తోంది. నాలుగడుగులు. పోయి చేత్తో ఒక్కటి కొడితే చాలు, ఎంతసేపు? మోచేతుల మీద లేచాను. కడుపు ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంది. కింద కుట్టు దగ్గర ఎవరో దారం పట్టి లాగినట్టయింది. అలాగే ఆగిపోయాను, అటా ఇటా తెలియక. "ప్రభువా, నువ్వన్న దాన్ని తరుము" అన్నాను. తరమలేదు. మెల్లగా వెనక్కి పడుకున్నాను.

పడుకుని చూశాను. కళ్లు మూసుకోవచ్చు కదా, మూసుకోలేదు. మట్టి గీకింది, కన్నం చేసింది, వెనక్కి తిరిగింది, తోక లోపలికి దించింది. ఒకటీ ఇరవై రెండుకు మొదలై ఒకటీ నలభైకి అయింది. ఆ టైము కూడా అట్ట మీద రాశాను, పాడు చెయ్యి. కన్నం పూడ్చేసి రెక్కలు దులుపుకుని వెళ్లిపోయింది. నేను లేవలేదు. నా బిడ్డ కోసం లేవలేదు. ఆ మాట నాకు తెలుసు. అయినా ఒకరి ఇల్లు దోచుకుంటుంటే చూస్తూ పడుకున్నదాన్నే అనిపించింది. పైగా ఆ కుండ నాది కాదని ఎంత చెప్పుకున్నా లోపల ఎవరో వినడం లేదు.

అత్తమ్మ వస్తూనే గుమ్మంలోంచి అడిగింది. "వచ్చిందా?"

"రాలే."

"నిజంగ?"

"వస్తే చెప్పనా? ఎన్నిసార్లు అడుగుతవ్?" అని గట్టిగా అరిచాను. కింద పడ్డ బాటిల్, డబ్బా, దువ్వెన తీసి పెట్టింది. నా కోపానికి పడ్డాయనుకుంది.

కడుపు బిగుతు రాత్రికి సర్దుకుంది. కానీ ఆ అబద్ధం సర్దుకోలేదు. రోజూ పొద్దున ఆమె కుండలను ఒక్కొక్కటే వేలితో చూపించి లెక్కపెట్టి, "ఐదు ఐదే ఉన్నయ్, ఒక్కటి గూడ పోలే" అని నా నుదురు నిమిరేది. నేను గోడ వైపు తిరిగేదాన్ని.

పోయిన శనివారం మొదటి కుండకు గుండ్రంగా కన్నం పడి పసుపూ నలుపుల పిల్ల బయటికి వచ్చింది. రెక్కలు ఆరబెట్టుకుని కిటికీలోంచి ఎగిరింది. అత్తమ్మ ఏడ్చింది, నవ్వింది, వాడంతా చక్కెర పంచింది. ఆదివారం రెండోది ఎగిరింది. ప్రకాష్ కూడా మిల్లుకు ఆలస్యమైనా సరే నిలబడి చూశాడు. పిచ్చి అన్న మనిషి! ఆ రోజు నేను మొదటిసారి బిడ్డకు పేరు ఆలోచించాను. ఆలోచించి, వెంటనే భయపడి ఆపేశాను.

ఇవాళ గురువారం. ఇరవై ఐదు వారాల నాలుగు రోజులు. పొద్దున తొమ్మిదింటికి మూడో కుండ కదిలింది. అత్తమ్మ స్టూలు మీద ముందుకు వంగింది. మట్టి పొట్టులాగ రాలింది. కన్నంలోంచి ముందు తల వచ్చింది. నెమలి మెడ రంగు.

తువ్వాల అత్తమ్మ ఒళ్లో అలాగే ఉంది. పచ్చది పూర్తిగా బయటికి వచ్చి, కుండ మీద కాసేపు ఎండ కాచుకుని ఎగిరిపోయింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. నాకు ఇడ్లీ పెట్టి తినిపించింది, పాన్ కడిగి దగ్గర పెట్టింది, చెంబులో నీళ్లు నింపింది. అంతా అయ్యాక సంచి భుజాన వేసుకుని వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నేను పోత బిడ్డా."

"ఏడికి?"

"ఊరికి. నేనీడ ఉంటె ఇది గూడ నిలువది."

"ఏం మాట్లాడుతున్నవ్ అత్తమ్మా?"

ఆమె నా ముఖం చూడలేదు. "నీకు రెండోది ఐదో నెల నడుస్తుండె. క్రిస్మస్‌కు మనింట్ల సున్నమేస్తుంటి. దూలం కింద కుమ్మరి పురుగు గూడు పెట్టింది. ఉంచాలని ఎర్కే. పాస్టర్ గారొస్తడు, గోడ సాఫ్ ఉండాలని గీకి పడేసిన. లోపల తెల్లగ, మెత్తగ... ఆరోజుకు ఐదో దినం నీకు పోయింది. ఎవలకు జెప్పలే. ప్రకాష్‌కు గూడ జెప్పలే. నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. గందుకే గా పచ్చది నేను కాపలున్నా లోపల పుట్టింది."

ఆరేళ్లుగా నా కడుపు మంచిది కాదని ఊరూ వాడా అన్నారు. చర్చిలో అన్నారు, ఆఫీసులో అన్నారు. ఈమె ఒక్కతి ఎప్పుడూ అనలేదు. ఎంత మంచి మనిషో అనుకునేదాన్ని. అనకపోవడానికి కారణం ఇదా?

"పిచ్చిదానివా నువ్వు? గర్భసంచి మూతి మెత్తగుండి జారింది నాకు! డాక్టరమ్మ చెప్పలేదా? నువ్వు గోడ గీకినదానికి దీనికి ఏం సంబంధం?"

"నువ్వు సదువుకున్నదానివి. నీకు గట్లనే ఉంటది."

"చదువా? నేను చూసిన అత్తమ్మా! నువ్వు పింఛనుకు పోయిన నాడు అది వచ్చింది. గుడ్డు పెట్టేదాక పడుకొని చూసిన. లేవలే. నీకు అబద్ధం చెప్పిన. పాపం చుట్టుకుంటె నాకే చుట్టుకోవాలె!"

ఆమె ఉలిక్కిపడి నన్ను చూసింది. "లేవలే గద? మంచిపని జేసినవ్" అంది. ఆ మాట మాత్రం గట్టిగా అంది. తర్వాత నా తల నిమరబోయి, చెయ్యి మధ్యలో ఆపేసి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి నాకు తగలకూడదని. గుమ్మం వైపు నడిచింది.

ప్రకాష్ మిల్లులో ఉన్నాడు. బయట కోటగిరి ఆటో హారన్ వినిపిస్తోంది. ఈమె వెళ్లిపోతే రేపు పాన్ ఎవరు తీస్తారు, నేను కదలకుండా ఇంకో పదిహేడు రోజులు ఎలా గడుస్తాయి అని మొదట అనుకున్న మాట నిజం, దాచను. కానీ గుమ్మం దగ్గర ఆమె వంగిపోయిన వీపు చూశాక ఆ లెక్క ఏదీ గుర్తు లేదు. ఆ బరువును మూడేళ్లుగా ఆ వీపు ఒక్కటే మోసింది. నాకు తెలియకుండా, నా పక్కనే.

"అత్తమ్మా, ఆగు."

ఆగలేదు. చెప్పు తొడుక్కుంటోంది.

దోమతెర పక్కకు లాగి కుడికాలు కిందికి జార్చాను. నలభై రోజుల తర్వాత గచ్చు చల్లగా అరికాలికి తగిలింది. "గడప దాటితే నేను లేస్త. ప్రభువు మీద ఒట్టు, లేచి నీ ఎంట వస్త!"

తిరిగి చూసింది. సంచి ఎక్కడ పడిందో, చెప్పు ఎక్కడ పోయిందో. "అయ్యో నా బిడ్డా, వద్దు, వద్దు" అంటూ వచ్చి నేల మీద కూలబడి నా పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. మెల్లగా ఎత్తి మంచం మీద పెట్టింది. పెట్టాక కూడా వదల్లేదు. అత్త కోడలి కాళ్లు పట్టుకోవడమేంటని విడిపించుకోబోయాను. విడవలేదు. నా పాదాల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. కడుపు బిగుసుకుంటోంది, నెమ్మదిగా వదులుతోంది, మళ్లీ బిగుసుకుంటోంది.

"నిలువకపోతే ఎట్ల బిడ్డా?" అంది.

నిలుస్తుంది అని చెప్పాలి నేను. కానీ నాకూ తెలియదు కదా.

"నిలువకపోతే ఇద్దరం ఒక్కకాడ ఏడుద్దాం అత్తమ్మా. నువ్వాడ ఒక్కదానివి, నేనీడ ఒక్కదాన్ని ఏడ్సుడు వద్దు" అన్నాను.

ఆటో హారన్ ఇంకోసారి మోగి, వెళ్లిపోయింది. మధ్యాహ్నం దాకా ఆమె నా పాదాలు అలాగే పట్టుకుని కూర్చుంది.